అధికార సాన్నిధ్యము – ఆడిటరు సంతకము



ఏటేటా సెప్టెంబరు నెల వచ్చుసరికి మన విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డుకు బీసెంట్ రోడ్డుకు చేరువనున్న వీధులలో, చార్టర్డ్ అకౌంటెంట్ల కార్యాలయములలో రాత్రి పొద్దుపోవువరకు దీపములు వెలుగుచుండుట ఈ ఊరి వ్యాపారులకు చిరపరిచితమైన విషయము. గుడివాడ రైసుమిల్లుల పద్దులును, కైకలూరు చేపల వ్యాపారుల పద్దులును, ఆటోనగర్ లారీ కంపెనీల పద్దులును అక్కడికే వచ్చి చేరును. ఆర్టికల్డ్ క్లర్కులు వోచర్లను ఒక్కొక్కటిగా సరిచూచి టిక్కు పెట్టుదురు. ఆ శ్రమ అంతయు చివరకు ఒక్క సంతకముతో ముగియును. ఆ సంతకమును నమ్మియే బ్యాంకు అప్పిచ్చును, సరఫరాదారుడు సరకు పంపును, పదవీవిరమణానంతరము చేతికి వచ్చిన సొమ్ముతో ఒక ఉపాధ్యాయుడు నాలుగు వాటాలు కొనును. వీరిలో ఎవ్వరును కంపెనీ లోపలికి తొంగిచూచినవారు కారు. తమకు బదులుగా చూచి వచ్చినవాడు ఆడిటరు అను విశ్వాసమే వారికి ఆధారము.

అట్టి సంతకముపై రాజకీయముల నీడ ఏ విధముగా పడుచున్నదో, ఆ నీడ పడకుండ కాపాడుకొను మార్గమేదో నేడు నాలుగు మాటలలో మనవి చేసెదను. ఆడిటరు వృత్తిసారమంతయు ప్రశ్న వేయుటలో కలదు. ఆ ప్రశ్నకు కంపెనీ వెలుపలి నుండి సాక్ష్యము రాబట్టుటలో కలదు. అధికారములో నున్నవారికి ఆప్తమైన కంపెనీ ఎదుట అట్టి ప్రశ్న అడుగుటయే అమర్యాదగా తోచును. ప్రభుత్వములు మారి నిర్ణయములు తలక్రిందులగు కాలములోనో, అడిగిన ప్రశ్నకు నిలకడగా జవాబు చెప్పగలవారే కానరారు. మొదటి పరిస్థితి ప్రశ్నను మాన్పించును. రెండవది జవాబును మరుగుపరచును. ఈ రెండింటికిని మన తెలుగునేలయే నిదర్శనములు చూపినది గనుక పరదేశపు కథలతో ప్రారంభింపవలసిన పని లేదు.

2009 జనవరి 7వ తేదీని తెలుగువారు మరచియుండరు. భీమవరము ప్రాంతమున పుట్టి, మన విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో బి.కాం. చదివిన బైర్రాజు రామలింగరాజు, తాను 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థ డైరెక్టర్ల బోర్డునకు ఆనాడొక లేఖ వ్రాసి, కొన్ని సంవత్సరములుగా లెక్కలు కల్పితములైనవని ఒప్పుకొనెను. 2008 సెప్టెంబరు 30 నాటి పద్దులలో నగదు, బ్యాంకు నిల్వల క్రింద 5,361 కోట్ల రూపాయలు చూపగా, అందులో 5,040 కోట్లు లేనే లేవు. 376 కోట్ల వడ్డీ కల్పితము. 1,230 కోట్ల అప్పు పుస్తకములకెక్కలేదు. బాకీదారులు ఇయ్యవలసినదిగా చూపిన మొత్తములో 490 కోట్లు అధికము. అన్నియు కలిపినచో 7,136 కోట్లు. ఆ మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభము ప్రకటింపగా, వాస్తవముగా మిగిలినది 61 కోట్లు. ముందునాడు 179 రూపాయలు పలికిన వాటా ఆ సాయంకాలమునకు 40 రూపాయలకు దిగిపోయినది.

ఇచట శ్రోతలు ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. దాచిన లోటు ఏ మారుమూల పద్దులోనో, ఏ చిక్కుముడి ఒప్పందములోనో లేదు. తనిఖీ చేయుటకు అన్నింటికంటె సులభమైన చోట, బ్యాంకులో వేసిన డబ్బు దగ్గర ఉన్నది. నూటికి తొంబది నాలుగు పాళ్లు లేని సొమ్మును ఉన్నదనిన పద్దు, ప్రపంచప్రఖ్యాతి గల ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్ల చేతిమీదుగా ఏండ్ల తరబడి ఎట్లు దాటిపోయినది?

బ్యాంకు నిల్వను ధ్రువపరచుకొను పద్ధతి ఏమియో చెప్పినగాని ఈ ప్రశ్న లోతు తెలియదు. మా కంపెనీకి మీ వద్ద ఫలానా తేదీన ఎంత సొమ్మున్నదో మా ఆడిటరుకు తెలుపుడని కంపెనీ ఒక లేఖపై సంతకము చేసి ఇచ్చును. ఆ లేఖను ఆడిటరే స్వయముగా పోస్టు చేయవలెను. బ్యాంకు పంపు జవాబు కంపెనీకి గాక నేరుగా ఆడిటరు కార్యాలయమునకు రావలెను. పోవునపుడు గాని వచ్చునపుడు గాని ఆ కాగితము కంపెనీ చేతులలోనికి పోరాదు. పద్ధతి అంతయు ఇంతియే. మొదటి సంవత్సరపు ఆర్టికల్డ్ క్లర్కునకు కూడ నేర్పు పాఠమిది. సత్యం విషయములో ఫిక్సెడ్ డిపాజిట్లను గురించి కంపెనీ అందించిన పత్రములనే ఆధారముగా గైకొనిరనియు, కొన్ని బ్యాంకు శాఖల నుండి నేరుగా వచ్చిన జాబులకును వానికిని పొంతన లేకపోయినను ఆ భేదమును వెంబడించి అడుగలేదనియు పిదప జరిగిన విచారణలలో తేలినది. అమెరికా సెక్యూరిటీల కమిషను 2011 ఏప్రిలులో ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా విధించుచు ఎత్తిచూపిన ప్రధాన లోపము ఇదియే.

అడుగకపోవుటకు కారణములు పలువిధములు. అందు కొన్ని నేరసంబంధమైనవని న్యాయస్థానము నిర్ణయించినది: 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుతో కలిపి పదిమందిని, వారిలో ఇద్దరు పూర్వపు ఆడిటర్లను, దోషులుగా ప్రకటించి ఏడేండ్ల శిక్ష విధించినది, దానిపై అప్పీలు దాఖలైనది. కాని నేరముతో నిమిత్తము లేనివారు సైతము ఏల అడుగలేదు? బోర్డులో ఒక మాజీ క్యాబినెట్ కార్యదర్శి, హార్వర్డు ఆచార్యుడు, మేనేజిమెంటు విద్యాలయాధిపతి కూర్చుండియుండిరి. ఏ పక్షము అధికారములో నున్నను ఆ సంస్థను రాష్ట్ర ప్రగతికి ప్రతీకగా చూపుట పరిపాటియైనది. 108 అంబులెన్సు సేవను 2005లో ప్రారంభించిన పుణ్యము కూడ రామలింగరాజు కుటుంబమునకు దక్కినది; అది నిజముగా ప్రాణములు నిలిపిన సేవ, దాని విలువను తక్కువ చేయరాదు. కంపెనీ పాలనలో శ్రేష్ఠతకై గోల్డెన్ పీకాక్ పురస్కారము సైతము 2008లోనే లభించినది. ఇన్ని గౌరవముల నడుమ నిలిచిన వ్యక్తిని, అయ్యా, మీ బ్యాంకు జాబు నాకు నేరుగా రాలేదేమి, అని అడుగుటకు గుండెదిటవు కావలెను. సాన్నిధ్యము చేయు అపకారము చాలవరకు ఇట్టిదే: ఎవ్వరును ఫోను చేసి బెదిరింపరు; అడుగవలసినవాడే మొగమాటపడి తనంత తాను మానుకొనును.

అధికారబలము ఇంకొక దారిని కూడ లెక్కలలోనికి వచ్చినది. రామలింగరాజు కుటుంబమునకే చెందిన మేటాస్ ఇన్‌ఫ్రా నాయకత్వములోని కూటమికి 2008లో హైదరాబాదు మెట్రో రైలు నిర్మాణము లభించినది. ప్రభుత్వమునుండి సహాయధనము కోరుటకు మారుగా తామే ప్రభుత్వమునకు దీర్ఘకాలములో 30,311 కోట్ల రూపాయలు చెల్లింతుమని ఆ కూటమి ముందుకు వచ్చినది. రైళ్ల టిక్కెట్లపై ఇంత సొమ్ము రాదు గదా, భూములపై దృష్టితోనే ఈ బేరము కుదిరినదని, ఇది ముందుముందు రాజకీయ అపనిందకు దారితీయునని ఢిల్లీ మెట్రో నిర్మాత శ్రీధరన్‌గారు ప్రణాళికా సంఘమునకు వ్రాసిరి. ఆ మాటలోని లెక్కకు లెక్కతో సమాధానము చెప్పుటకు బదులు, క్షమాపణ చెప్పనిచో పరువునష్టము దావా వేయుదుమని అప్పటి రాష్ట్ర ప్రభుత్వము హెచ్చరించినది. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు, మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు ఏకగ్రీవముగా అంగీకరించి, మదుపుదారుల ఆగ్రహము చూచి గంటలలోనే వెనుకకు తగ్గినది. పుస్తకములలోని లేని సొమ్ము స్థానములో ఉన్న ఆస్తులను నింపుటకు అది కడపటి యత్నమని రాజు లేఖయే చెప్పినది. మెట్రో ఒప్పందమును 2009 జూలైలో ప్రభుత్వమే రద్దు చేసినది. ప్రభుత్వమిచ్చు పనులు, భూములు ఒక కుటుంబపు ఆస్తుల విలువను పెంచగా, ఆ విలువతో అదే కుటుంబపు మరియొక కంపెనీ లెక్కలలోని గోతిని పూడ్చజూచిరన్నమాట.

ఇట్లని ప్రభుత్వహస్తము ఎల్లప్పుడు కీడే చేయునని నేననను. లేఖ వెలువడిన రెండు దినములకే కేంద్రప్రభుత్వము పాత బోర్డును తొలగించి, జనవరి 11న దీపక్ పరేఖ్, కిరణ్ కర్ణిక్, అచ్యుతన్‌గార్లను నియమించినది. ఏప్రిలులో బహిరంగ వేలములో వాటా ఒక్కింటికి 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా ఆ సంస్థను గైకొనగా, వేలాది ఉద్యోగుల కూడు నిలిచినది. ఎన్నికలు ముంగిట నున్న ఆ దినములలో అది సామాన్యమైన పని కాదు. రాజకీయములతో సంబంధముండుటయే దోషమనుటయు న్యాయము కాదు. మన బందరులో 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు కాంగ్రెసు అగ్రనాయకులు, పిమ్మట ఆ పార్టీకి అధ్యక్షులైనవారు. లక్ష రూపాయల మూలధనముతో మొదలైన ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు తెలుగు రైతుకు, తెలుగు వర్తకునకు అండగా నిలిచినది. స్థాపకుడు ఎవరికి ఆప్తుడన్నది దోషనిర్ణయమునకు చాలదు. నిర్దోషిత్వమునకు అంతకంటెను చాలదు. రెండు సందర్భములలోను కావలసినది కాగితము, కాగితమును ధ్రువపరచు మూడవ వ్యక్తి.

ఇక అస్థిరత మాట. మనవంటి రాష్ట్రములో గత పది పన్నెండేండ్లుగా ఆడిటర్లకు ఎదురైన కష్టమిది. 2019 జూలై 1న అప్పటి నూతన ప్రభుత్వము జి.ఓ. 63 ద్వారా ఒక సంప్రదింపుల సంఘమును ఏర్పరచి, గాలి, సౌరవిద్యుత్తు ఉత్పత్తిదారులతో పూర్వము కుదిరిన ఒప్పందముల ధరలను తగ్గింపజూచినది. యూనిట్టుకు నాలుగు రూపాయలకు పైబడిన ధరతో ఇరువది ఐదేండ్లకు సంతకములు చేసిన గాలివిద్యుత్తు కంపెనీలు హైకోర్టునకు పోయినవి. సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనము ఆ ఉత్తర్వును కొట్టివేసియు, ధర విషయమును విద్యుత్ నియంత్రణ మండలికి వదలి, అంతవరకు గాలివిద్యుత్తునకు 2 రూపాయల 43 పైసలు, సౌరవిద్యుత్తునకు 2 రూపాయల 44 పైసలు చెల్లింపుమనినది. 2022 మార్చిలో ద్విసభ్య ధర్మాసనము పాత ఒప్పందము ప్రకారమే బకాయిలు చెల్లింపవలెనని తీర్పు చెప్పినది.

ఈ రెండు తీర్పుల నడుమ, 2020 మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టికను ముందిడుకొని కూర్చున్న ఆడిటరును తలచుకొనుడు. అమ్మిన కరెంటు లెక్క మీటరులో ఉన్నది. పుచ్చుకొన్న విద్యుత్ పంపిణీ సంస్థ, అనగా డిస్కము, ప్రభుత్వానిది. ఒప్పందపత్రము చేతిలో ఉన్నది. అయినను రావలసిన బాకీని నాలుగు రూపాయల పైచిలుకు ధరతో వ్రాయవలెనా, రెండున్నరకు లోపలి ధరతో వ్రాయవలెనా? పూర్తి ధర వ్రాసినచో రాని సొమ్మును లాభముగా చూపినవాడగును. తక్కువ ధర వ్రాసినచో చట్టబద్ధమైన హక్కును తానే కాలదన్నినవాడగును. బ్యాంకు అప్పు కంతులు కట్టలేని కంపెనీ మరు సంవత్సరము నడచునా లేదా అను ప్రశ్న ఈ రెండింటిపైన కూర్చున్నది. ఆ కంపెనీ యజమాని నిజాయితీపరుడే కావచ్చును, ఆడిటరు నిపుణుడే కావచ్చును. ప్రభుత్వపు మాట నిలువనిచోట వారి నిజాయితీ నైపుణ్యములు ఉన్నను అంకె మాత్రము నిలువదు. అట్టి చోట ఆడిటరు చేయదగినది ఒక్కటే: వివాదమును దాచక, ఎంత సొమ్ము ఏ తీర్పుపై ఆధారపడియున్నదో నివేదికలో పాఠకునకు విడమరచి చెప్పుట.

మన మచిలీపట్నము రేవు చరిత్ర చూడుడు. 2008లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసెను. అప్పటి కూటమికి నాయకత్వము వహించినది పైన చెప్పిన మేటాస్ సంస్థయే. 2019లో మరియొక ముఖ్యమంత్రి పనులు ప్రారంభించెను. ప్రభుత్వము మారిన పిమ్మట ఆ సంవత్సరమే ఆగస్టులో, మేటాస్ తరువాత ఆ పనిని చేపట్టిన నవయుగ సంస్థతోనున్న ఒప్పందము రద్దయ్యెను. 2023 మేలో ఇంకొక ముఖ్యమంత్రి మరల శంకుస్థాపన చేసెను. ఇన్నేండ్లు ఆ రేవుపై పెట్టిన ఖర్చును ఏ కంపెనీ అయినను తన పుస్తకములలో నిర్మాణములో నున్న ఆస్తిగా చూపుకొనునపుడు, అది ఆస్తియా, వ్యయమైపోయిన సొమ్మా అన్నది సముద్రతీరమునకు పోయి చూచినను తేలదు. సచివాలయములోని ఫైలును బట్టి తేలవలసినదే. రాష్ట్రవిభజనానంతరము విభజన చట్టపు తొమ్మిదవ షెడ్యూలులోని 91 సంస్థల గతియు ఇట్టిదే. షీలా భిడే నిపుణుల సంఘము వానిలో 89 సంస్థల విభజనకు సిఫారసులు చేసినను, ఉభయ రాష్ట్రములు ఏకాభిప్రాయమునకు రాకపోవుటచే, ఏ భవనము ఏ పుస్తకములో నుండవలెనో పదేండ్లు గడచినను పూర్తిగా తెగలేదు. హద్దులు తేలని ఆస్తికి ఏ ఆడిటరు మాత్రము నిక్కమైన విలువ కట్టగలడు?

ఈ వ్యాధి మన ఒక్కరిదే కాదు. 1997 నాటి ఆసియా ఆర్థిక సంక్షోభములో మలేషియా కంపెనీలను పరిశీలించిన విద్వాంసులు, పాలకులతో సంబంధములు గల కంపెనీలపై ఆడిటు ఫీజులు తక్కినవానికంటె అధికముగా పెరిగినట్లు కనుగొనిరి. అనగా అపాయము నెరిగిన ఆడిటర్లు అట్టిచోట్ల మరింత శ్రమపడి తనిఖీ చేసిరని వారి భావము. దక్షిణాఫ్రికాలో దీనికి విపరీతము జరిగినది: అప్పటి అధ్యక్షుడు జుమాకు సన్నిహితమైన గుప్తా కుటుంబపు సంస్థలకు పనిచేసిన కె.పి.ఎం.జి. ఆడిటు సంస్థ, 2017లో పేరు పోగొట్టుకొని, ముఖ్యాధికారితో సహా పలువురు పెద్దలను సాగనంపవలసివచ్చినది. ఒకేవిధమైన సాన్నిధ్యము ఒకచోట ఆడిటరును జాగరూకుని చేసినది, వేరొకచోట లోబరచుకొన్నది. భేదమంతయు ఆడిటరు చేసుకొన్న నిర్ణయములోనిదే గనుక మనకు ఆశ వదలవలసిన పని లేదు.

సత్యం పతనము మనకు 2013 కంపెనీల చట్టమును ఇచ్చినది. ఆ చట్టము ప్రకారము లిస్టయిన కంపెనీలలో వ్యక్తియైన ఆడిటరు ఐదేండ్లకు, ఆడిటు సంస్థ పదేండ్లకు తప్పుకొనవలెను. పుస్తకములు వ్రాసిపెట్టుట వంటి సేవలను తాను ఆడిటు చేయు కంపెనీకే అందింపరాదు. కోటి రూపాయలు, అంతకు మించిన మోసము కనబడినచో కేంద్రప్రభుత్వమునకు తెలుపవలెను. 2018 అక్టోబరు 1న ఆడిటర్లను పర్యవేక్షించు జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడినది. ఇవన్నియు మేలైనవే. అయినను ఆడిటరును పేరునకు వాటాదారులు ఎన్నుకొన్నను, వాస్తవముగా ఎంచునది అధికభాగము వాటాలున్న కుటుంబమే. పర్యవేక్షకులను నియమించునది ప్రభుత్వమే. పరీక్షింపబడువాడే పరీక్షకుని ఎంచుకొను ఈ ఏర్పాటు మారనంత వరకు చట్టము సగము పనియే చేయగలదు.

అదే చట్టములోని 182వ సెక్షను కథ మరింత విచారకరము. పార్టీలకు కంపెనీలు ఇచ్చు విరాళములు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి ఏడున్నర పాళ్లు మించరాదనియు, ఏ పార్టీకి ఎంత ఇచ్చినదియు లాభనష్టముల పట్టికలో చూపవలెననియు ఉన్న నియమమును 2017లో ఆర్థిక చట్టము ద్వారా తొలగించిరి. మరు సంవత్సరము ఎన్నికల బాండ్లు వచ్చినవి. తమ కంపెనీ సొమ్ము ఏ పార్టీకి చేరినదో వాటాదారుడు తెలిసికొను దారి లేకపోయినది. ఆడిటరు మొత్తమును చూడగలిగెను గాని పార్టీ పేరు ప్రకటింపుమని చట్టబలముతో అడుగలేకపోయెను. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకమును, ఆ సవరణలను కొట్టివేసినపిమ్మట వెలువడిన జాబితాలో రెండవ స్థానమున, 966 కోట్ల రూపాయల కొనుగోలుతో, మన కృష్ణాజిల్లా డోకిపర్రు వాస్తవ్యులు నెలకొల్పిన హైదరాబాదు సంస్థ మేఘా ఇంజనీరింగు కనబడినది. బాండు కొనుట ఆనాడు చట్టసమ్మతమే. కొన్నంతమాత్రమున ఎవ్వరికిని దోషమంటగట్టరాదు. నా ఆవేదన వేరు: ప్రభుత్వ కాంట్రాక్టులు చేయు కంపెనీలకును పార్టీలకును నడుమ జరుగు చెల్లింపు, ఏ పాఠకుడును చదువజాలని విధముగా, చట్టము చేతనే ఆరేండ్లపాటు మరుగుపడినది. లెక్కలు తప్పుగా వ్రాయుట వ్యక్తి చేయు అపరాధము. లెక్క చూపనక్కరలేదని శాసించుట రాజ్యము చేయు అపరాధము. రెండవదాని నుండి ఏ ఆడిటరును మనలను కాపాడలేడు. న్యాయస్థానమును, పౌరుడును మాత్రమే కాపాడగలరు.

కావున నేను మూడు విన్నపములు చేసెదను. ప్రభుత్వములను నడుపువారు, మునుపటివారు సంతకము చేసిన ఒప్పందమును రద్దు చేయదలచినపుడు, దానివలన ఏయే కంపెనీల, ఏయే బ్యాంకుల పద్దులు కదలునో అంచనా కట్టి ప్రకటించిన పిమ్మటనే అడుగు వేయుదురు గాక. వాటాలు కొన్న సామాన్యులు, వార్షిక నివేదికలో యజమాని ఛాయాచిత్రము గల పుటతో ఆగక, వెనుక పుటలలోని ఆడిటరు నివేదికను, సంబంధిత సంస్థలతో జరిగిన లావాదేవీల పట్టికను చదివి, తెలియనిది సర్వసభ్య సమావేశములో లేచి అడుగుదురు గాక. ఇక గవర్నర్‌పేట మేడలలో వృత్తి నేర్చుచున్న యువతీయువకులారా, ఏ కంపెనీ ఏ నాయకునికి ఆప్తమైనదో మీకు తెలిసినను, ఆ తెలివిడిని తనిఖీ పెంచుటకు మాత్రమే వినియోగింపుడు, తగ్గించుటకు ఎన్నడును వలదు. బ్యాంకునకు పోవలసిన జాబును మీ చేతితోనే పోస్టు చేయుడు, జవాబు మీ చేతికే రావలెనని పట్టుపట్టుడు. 5,040 కోట్లకు పెరిగిన అబద్ధమును తొలి సంవత్సరమే బయటపెట్టుటకు ఆ ఒక్క జాబు చాలియుండెడిది. అది తెలిసియు అడుగక వదలినవానికి ఇంక ఏ పలుకుబడియు సాకు కాజాలదు.